‘మా పరిధి కాదు’ అనే మాటే రైలు దొంగకు పెద్ద అండ

రైల్లో ఎవరి గొలుసో తెగిందంటే చుట్టూ ఉన్నవాళ్లు ముందు నిలదీసేది పోగొట్టుకున్న మనిషినే. "అంత బంగారం వేసుకుని కిటికీ పక్కన కూర్చుంటారా?" "బ్యాగు తలకింద పెట్టుకోవద్దూ?" రాత్రి రైళ్లలో తిరగడం నాకు ఎప్పటి నుంచో అలవాటు. ఈ మాటలు చెవిన పడ్డ ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. జాగ్రత్తగా ఉండాలి, కాదనను. కానీ టికెట్ కొనుక్కుని కన్ను మూయడం తప్పెలా అవుతుంది? స్లీపర్ బోగీ ఉన్నదే నిద్రపోవడానికి.

రైలు నేరాలు తగ్గకపోవడానికి ప్రయాణికుల ఏమరుపాటు కన్నా పెద్ద కారణం వేరే ఉందని నా నమ్మకం. ఇంట్లో దొంగలు పడితే ఇల్లు అక్కడే ఉంటుంది. ఏ స్టేషనుకు వెళ్లాలో తెలుసు. ఎస్ఐ వచ్చి తలుపు, తాళం చూసి వెళ్తాడు. రైల్లో అలా కుదరదు. నేరం జరిగిన చోటు ఒకటి, జరిగిందని తెలిసిన చోటు ఇంకొకటి, ఫిర్యాదు రాసుకునే చోటు మరొకటి. దొంగ బతుకుతున్నది ఈ మూడు చోట్ల మధ్య దూరంలోనే. ఆ దూరం తగ్గించకుండా కెమెరాలు, పోస్టర్లు, మైకులో హెచ్చరికలు ఎన్ని పెంచినా పని సగంలోనే ఆగిపోతుంది.

ముందు అసలు రైలుకు కాపలా ఎవరిదో చూద్దాం. ప్లాట్‌ఫాం మీద ఖాకీ కనిపిస్తే మనకు అంతా పోలీసులే. నిజానికి అక్కడ రెండు వేర్వేరు వ్యవస్థలున్నాయి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో పోలీసు రెండో అంశం. రైల్వే పోలీసులు కూడా అందులోకే వస్తారని అక్కడే స్పష్టంగా రాసి ఉంది. అందుకే దొంగతనం, దోపిడీ, అత్యాచారం, హత్య, ఏది జరిగినా కేసు కట్టి దర్యాప్తు చేసేది రాష్ట్రాల చేతిలో ఉన్న గవర్నమెంట్ రైల్వే పోలీస్, అంటే జీఆర్పీ. వాళ్ల ఖర్చును రైల్వే సగం, రాష్ట్రం సగం భరిస్తాయి. రైల్వే ప్రొటెక్షన్ ఫోర్స్, అంటే ఆర్పీఎఫ్, కేంద్రం కింద ఉంటుంది. రైల్వే ఆస్తిని కాపాడడానికి 1957 చట్టంతో ఏర్పడిన దళం అది. 1985లో కేంద్ర సాయుధ బలగంగా మారింది. ప్రయాణికుల భద్రత దాని బాధ్యతల్లో చేరింది 2003 సవరణతో. ఊరికే చైన్ లాగడం, మహిళల బోగీలోకి మగవాళ్లు ఎక్కడం లాంటి రైల్వే చట్టం కింద వచ్చే తప్పుల మీద ఆర్పీఎఫ్ చర్య తీసుకోగలదు. మీ గొలుసు తెంపినవాణ్ని పట్టుకోగలదు కూడా. కానీ పట్టుకున్నాక జీఆర్పీకి అప్పగించాల్సిందే. ఆ దొంగతనం మీద కేసు నడిపే అధికారం దానికి లేదు.

హైదరాబాద్‌లో సాయంత్రం బయల్దేరే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ తెల్లారి తమిళనాడు చేరేలోపు మూడు రాష్ట్రాల జీఆర్పీల చేతులు మారుతుంది. ఒక్కో రాష్ట్రంలో మళ్లీ స్టేషను స్టేషనుకూ హద్దులు. ఒంగోలుకూ నెల్లూరుకూ మధ్య ఎక్కడో బ్యాగు పోయి, గూడూరు దాటాక మెలకువ వచ్చి, చెన్నైలో దిగి చెప్పుకుంటే అది ఎవరి కేసు?

ఈ హద్దుల బాధ ఎలా ఉంటుందో కళ్లారా చూశాను. నా ఎదురు సీట్లో కిటికీ పక్కన ఒక నడివయసు ఆవిడ. రైలు ఔటర్‌లో, అంటే స్టేషను ఇంకా రాకముందు, సిగ్నల్ కోసం నిలబడి, మళ్లీ మెల్లగా కదులుతోంది. ఊచల సందులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. ఆవిడ తల ఊచలకు కొట్టుకున్న చప్పుడు, అరుపు, తాడు తెగడం అన్నీ ఒక్కసారే. మెడ పక్కన కత్తితో గీసినట్టు ఎర్రటి చార. నల్లపూసలు సీటు మీద, కింద చెల్లాచెదురుగా పడ్డాయి. ఆవిడ ఏడవలేదు. సీటు కిందికి వంగి చేత్తో తడుముతూ వెతుకుతూనే ఉంది. ఒక పుస్తె దొరికింది. రెండోది దొరకలేదు.

తర్వాతి స్టేషనులో ఆవిడ భర్త దిగి పరుగెత్తాడు. తోడుగా నేనూ దిగాను. అక్కడున్న కానిస్టేబుల్ కోప్పడలేదు, విసుక్కోలేదు కూడా. "ఔటర్‌కు అవతలా, ఇవతలా అండీ? అవతలైతే మా పరిధి కాదు. రైలు వెళ్లిపోతుంది, ముందు ఎక్కండి. దిగేచోట రాసివ్వండి" అన్నాడు. ఆవిడ భర్త ప్లాట్‌ఫాం మీద కాసేపు అటూ ఇటూ చూశాడు. ఫిర్యాదు కోసం ఆగితే భార్య, సామాను రైలుతో వెళ్లిపోతాయి. ఎక్కితే దొంగ చేజారిపోతాడు. ఆయన ఎక్కేశాడు. ఆయన స్థానంలో ఎవరున్నా ఎక్కేస్తారు. దొంగ లెక్క వేసుకున్నదీ అదే.

ఆ కానిస్టేబుల్ చెప్పిన మాట చట్టం ముందు నిలవదు. పాత సీఆర్పీసీ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం కేసు కట్టదగిన నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ పోలీసు స్టేషనైనా ఆ సమాచారం తీసుకోవాలి. మనం ఇన్నాళ్లూ జీరో ఎఫ్ఐఆర్ అంటున్నది ఇప్పుడు నేరుగా చట్టంలోకే ఎక్కింది. ఫోన్‌లోంచి ఎలక్ట్రానిక్ రూపంలో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లోపు సంతకం పెట్టాలి. ప్రయాణంలో జరిగిన నేరాన్ని ఆ ప్రయాణం సాగిన దారిలో ఏ కోర్టైనా విచారించవచ్చని 203వ సెక్షన్ చెబుతోంది. పాత చట్టంలోనూ ఈ వీలు ఉండేది. చేతిలోది, మెడలోది లాక్కుపోవడాన్ని భారతీయ న్యాయ సంహిత విడిగా నేరంగా గుర్తించింది. ప్రయాణ వాహనంలోంచి దొంగతనం చేస్తే ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. అంటే చట్టాలకు కరువు లేదు. ఇంకో మాట. రైలు దిగనక్కర లేకుండా ఫిర్యాదు రాసివ్వడానికి ఎఫ్ఐఆర్ ఫారాలు టీటీఈల దగ్గర, గార్డు దగ్గర ఉండాలి. నింపి ఇస్తే వాళ్లే ముందు స్టేషనులో అప్పగించాలి. ఆ ఫారం ఎలా ఉంటుందో చూసిన ప్రయాణికులు ఎంతమంది? అది అడగవచ్చని తెలిసినవాళ్లు ఎంతమంది? ఆ రాత్రి మా బోగీలో ఒక్కరికీ తెలియదు. తెలిసి ఉంటే ఆవిడ భర్తకు ఆ పరుగే తప్పేది.

2025 జూన్‌లో నిజామాబాద్ నుంచి తిరుపతి వెళ్లే రాయలసీమ ఎక్స్‌ప్రెస్ అర్ధరాత్రి దాటాక గుత్తి దగ్గర ఔటర్‌లో ఆగినప్పుడు దొంగలు పడ్డారు. బాధితులు ఫిర్యాదు చేసింది తిరుపతి చేరాక. గుత్తికీ తిరుపతికీ మధ్య గంటల ప్రయాణం. ఆ గంటల్లో దొంగ ఏ ఊరు చేరి ఉంటాడో వేరే చెప్పాలా? అదే నెలాఖరులో పల్నాడులో తుమ్మలచెరువు దగ్గర రైలు దోచుకోబోయిన ముఠా మీద పోలీసులు కాల్పులు జరిపారు, దోపిడీ తప్పింది. రెండు ఘటనలకూ తేడా ఒక్కటే. రెండో చోట పోలీసులు ఆ వేళకు అక్కడ ఉన్నారు.

ప్రతి చోటా పోలీసులు ఉండలేరన్నది నిజం. కానీ దొంగలు ప్రతి చోటా రైలు ఎక్కరు. రైలు ఎక్కడ నెమ్మదిస్తుందో అక్కడే ఎక్కుతారు. ఔటర్లు, పట్టాల పని జరుగుతూ వేగం తగ్గించమని కాషన్ ఆర్డర్ ఇచ్చిన చోట్లు, క్రాసింగ్ కోసం నిలబెట్టే చిన్న స్టేషన్లు. ఈ చోట్లు, ఈ వేళలు రైల్వేకు ముందే తెలుసు, ఎందుకంటే ఆపేదీ నెమ్మదింపజేసేదీ రైల్వేనే. ఏ రైలు ఏ రాత్రి ఎక్కడ ఎంతసేపు ఆగుతోందన్న సమాచారం కంట్రోల్ రూములో క్షణక్షణం ఉంటుంది. అది గస్తీ తిరిగేవాళ్ల చేతికి అదే వేగంతో అందడం లేదన్నది నా అనుమానం. అర్ధరాత్రి ఒక ఎక్స్‌ప్రెస్‌ను చీకట్లో అరగంట నిలబెట్టడం ఆపరేటింగ్ వాళ్లకు టైమింగ్ సమస్య. లోపల నిద్రపోతున్నవాళ్లకు అది భద్రత సమస్య. ఈ రెండూ ఒకే బల్ల మీదికి రావాలి.

ఫోన్ చేసేవాళ్లకు ఉపయోగపడే చిన్న విషయం ఒకటి చెబుతాను. కరెంటు లైను ఉన్న చోట పట్టాల పక్కన వరసగా స్తంభాలుంటాయి కదా, ప్రతి దాని మీదా ఒక నంబరు పలక ఉంటుంది. పైన కిలోమీటరు, కింద ఆ కిలోమీటరులో స్తంభం వరస సంఖ్య. రైల్వే సహాయ నంబరు 139కి ఫోన్ చేసినప్పుడు "ఏదో పొలాల మధ్య" అనడానికి బదులు ఆ రెండు అంకెలు చెబితే చోటు కొన్ని మీటర్ల తేడాలో తెలిసిపోతుంది. 2021 ఏప్రిల్ నుంచి పాత భద్రత నంబరు 182 కూడా 139లోనే కలిసిపోయింది, కాబట్టి గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. చీకట్లో పలక కనబడకపోతే ఫోన్‌లో లొకేషన్ తీసి పెట్టుకోవచ్చు. సిగ్నల్ లేని చోట కూడా అది చాలావరకు పనిచేస్తుంది.

బ్రిటన్‌లో ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్ అంతటా రైళ్లకు ఒకే పోలీసు దళం ఉంది, బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీస్. 61016 అనే నంబరుకు ఒక మెసేజ్ పెడితే చాలు, నేరం ఏ ఊళ్లో జరిగిందన్న ప్రశ్నతో ఫిర్యాదు ఆగదు. జర్మనీలోనూ 1992 నుంచి రైల్వే పోలీసు పని ఫెడరల్ పోలీసుల కిందే ఉంది. మన దగ్గర ఆర్పీఎఫ్‌కు పూర్తి పోలీసు అధికారాలు ఇవ్వాలన్న ఆలోచన ఏళ్ల తరబడి నలుగుతోంది, రాష్ట్రాలు ఒప్పుకోవడం లేదు. వాళ్ల అభ్యంతరంలో న్యాయం ఉంది. శాంతిభద్రతలు రాష్ట్రాల హక్కు, దాన్ని తేలిగ్గా కేంద్రం చేతిలో పెట్టలేం. దొంగ రైలు దిగాక కలిసిపోయేది ఊళ్లోనే, అక్కడ వాడి ఆనుపానులు తెలిసింది స్థానిక పోలీసులకే. అందుకే దళాలను కలపమని నేను అనను. ఫిర్యాదును మాత్రం కలపాలి. రైలు వెంట కాపలాగా వెళ్లే ఎస్కార్ట్ సిబ్బంది రైల్లోనే ట్యాబ్‌లో ఫిర్యాదు నమోదు చేసి, బాధితుడికి అక్కడే నంబరు ఇచ్చి, అది ఎవరి కేసో తేల్చుకునే పని పోలీసులే లోపల చూసుకోవాలి. హద్దుల పంచాయితీ ప్రయాణికుడి నెత్తిన ఎందుకు పడాలి?

ఇక చూసి కూడా మాట్లాడని మన సంగతి.

2011 ఫిబ్రవరి 1న కేరళలో ఎర్నాకుళం–షోరనూర్ ప్యాసింజర్ మహిళల బోగీలో ఒంటరిగా మిగిలిన యువతి మీద దాడి జరిగింది. కొద్ది రోజులకు ఆమె చనిపోయింది. పక్క బోగీలో ఉన్నవాళ్లు కేకలు విన్నారు. ఒకాయన చైన్ లాగబోయాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఒక నడివయసు మనిషి ఆపాడు. అమ్మాయి దూకి తప్పించుకుంది, ఇక దీన్ని పెద్దది చేస్తే అందరం కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుందని అతను చెప్పినట్టు సుప్రీంకోర్టు 2016 తీర్పులో ఉంది. ఆ భాగం చదివి నేను చాలాసేపు ముందుకు వెళ్లలేకపోయాను. ఆ మనిషి రాక్షసుడేమీ కాదు. కోర్టు అంటే మన దేశంలో ఏమిటో తెలిసిన మామూలు మనిషి. ఆ భయాన్ని తిట్టి లాభం లేదు. దానికి కారణం తీసెయ్యాలి.

రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవాళ్లకు మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 134ఏ సెక్షన్ కింద రక్షణ వచ్చింది. వాళ్లను వేధించకూడదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. రైల్లో చైన్ లాగినవాడికి, దొంగను పట్టుకున్నవాడికి, సాక్ష్యం చెప్పినవాడికి అలాంటి ప్రత్యేక రక్షణ ఎందుకు ఉండకూడదు? రైల్వే చట్టం 141వ సెక్షన్ శిక్షించేది సరైన కారణం లేకుండా చైన్ లాగినవాళ్లనే. ఒక మనిషి ప్రాణం మీదికి రావడం కన్నా సరైన కారణం ఏముంటుంది? బోగీలో అంటించిన హెచ్చరికలో జరిమానా మాట పెద్దక్షరాలతో కనిపిస్తుంది. "ఎవరైనా ఆపదలో ఉంటే లాగండి, మీ వెనక మేమున్నాం" అన్న మాట మాత్రం నాకెక్కడా కనబడలేదు. సాక్షులను ఊళ్లు దాటించి తిప్పడం కూడా ఇప్పుడు తప్పనిసరి కాదు. కోర్టు విచారణ వీడియోలో జరపడానికి నాగరిక సురక్షా సంహిత వీలు ఇచ్చింది. మహిళలను, అరవై దాటినవాళ్లను విచారణ కోసం పోలీసులు స్టేషనుకు పిలిపించకూడదు, వాళ్లుండే చోటికే వెళ్లాలి. ఈ మాటలు బోగీ గోడ మీద ఉంటే ఆ తలుపు దగ్గరి మనిషి లాంటివాళ్లలో సగం మందైనా పక్కకు తప్పుకుంటారు.

మహిళల బోగీ గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. కాపలా లేని మహిళల బోగీ, జనం దిగిపోయాక, ఆ రైల్లో అన్నిటికన్నా ప్రమాదమైన చోటు. 2025 ఫిబ్రవరిలో కోయంబత్తూరు–తిరుపతి ఇంటర్‌సిటీలో జరిగింది చూడండి. తోటి మహిళలంతా జోలార్‌పేటలో దిగిపోయారు. నాలుగు నెలల గర్భిణి ఒక్కతే మిగిలింది. అక్కడ ఎక్కినవాడు ఆమెపై దాడి చేసి నడుస్తున్న రైల్లోంచి తోసేశాడు. కడుపులో బిడ్డ దక్కలేదు. కేరళ ఘటనకూ దీనికీ మధ్య పద్నాలుగేళ్లు, కథ మాత్రం అదే. బోగీ మీద "మహిళలకు మాత్రమే" అని రాసి ఊరుకుంటే, లోపల అడ్డుకునేవాళ్లు ఎవరూ ఉండరని నేరస్థుడికి మనమే చెప్పినట్టవుతుంది. ఆ బోగీలో ఇద్దరి కన్నా తక్కువ మంది మిగిలితే గార్డుకో ఎస్కార్టుకో తెలిసే ఏర్పాటు ఉండాలి. అది రైలు చివర కాకుండా సిబ్బంది ఉండే బోగీని ఆనుకుని ఉండాలి. ఆర్పీఎఫ్ 2020లో మొదలుపెట్టిన ‘మేరీ సహేలీ’ నాకు నచ్చిన పని. ఒంటరిగా వెళ్లే మహిళలను బయల్దేరే స్టేషనులోనే పలకరించి, వాళ్ల సీటు నంబర్లు దారిలో స్టేషన్లకు పంపి, దిగేదాకా కనిపెట్టి ఉంటారు. కానీ అది రిజర్వేషన్ ఉన్నవాళ్లకు అందినంతగా జనరల్‌లో, ప్యాసింజర్ రైళ్లలో వెళ్లేవాళ్లకు అందదు. పై రెండు ఘోరాలూ జరిగింది రిజర్వేషన్ బోగీల్లో కాదు.

జనరల్ బోగీ ఎవరికీ పట్టదు. అక్కడ చార్టు లేదు, టీటీఈ రాడు, టికెట్ మీద పేరు ఉండదు. నెలల కూలీ డబ్బు నడుముకు కట్టుకుని ఇంటికి వెళ్లే మనిషికి మత్తు బిస్కెట్టు ఇచ్చి దోచుకుంటే, స్పృహ వచ్చేసరికి రైలు రెండు రాష్ట్రాలు దాటి ఉంటుంది. ఆ స్టేషనులో భాష రాదు. చెప్పినా నమ్మేవాళ్లు ఉండరు. లెక్కల్లోకి ఎక్కని నేరాల్లో ఎక్కువ భాగం ఇలాంటివేనని నాకనిపిస్తుంది. ఎస్కార్టు ఏసీ బోగీల్లో ఒకసారి తిరిగితే జనరల్‌లో రెండుసార్లు తిరగాలి. మనం చేస్తున్నది తలకిందులుగా ఉంది.

నష్టపరిహారం గురించి కూడా చాలామందికి తెలియదు. రైల్వే చట్టం 123, 124ఏ సెక్షన్ల ప్రకారం రైల్లోగానీ స్టేషను ఆవరణలోగానీ దోపిడీ, దాడి, కాల్పుల్లో ప్రయాణికుడు గాయపడినా చనిపోయినా, రైల్వే తప్పు ఉన్నా లేకపోయినా పరిహారం ఇవ్వాలి. ప్రాణం పోతే 8 లక్షల రూపాయలు. ఏడాదిలోపు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవాలి, సికింద్రాబాద్‌లో దాని బెంచి ఉంది. సామాను పోతే మాత్రం దారి ఇరుకు. ప్రయాణికుడు తన దగ్గరే ఉంచుకున్న డబ్బు పోయినంత మాత్రాన అది రైల్వే సేవాలోపం కాదని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. రైల్వే నిర్లక్ష్యం వల్లే పోయిందని రుజువు చేస్తే వేరే సంగతి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బోగీకీ బోగీకీ మధ్య ఉండే వెస్టిబ్యూల్ తలుపులు వేయించాల్సింది సిబ్బందే. అవి తెరిచి ఉన్నట్టు ఒక ఫొటో తీసుకోండి, రేపు మీ కేసులో అదే పెద్ద సాక్ష్యం కావచ్చు.

మొత్తం 74,000 బోగీల్లో, 15,000 ఇంజిన్లలో కెమెరాలు పెడతామని రైల్వే 2025 జూలైలో ప్రకటించింది. బోగీకి నాలుగు, అన్నీ తలుపుల దగ్గర. మంచిదే, ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు అన్నది తేలుతుంది. కానీ కెమెరా జరిగాక చెబుతుంది. దృశ్యం కావాలని ఎవరు అడగాలి, ఎవరు ఇవ్వాలి, ఎన్ని గంటల్లో ఇవ్వాలి అన్నది ముందే రాసిపెట్టకపోతే, ఆ ఫుటేజీ కూడా జీఆర్పీకీ ఆర్పీఎఫ్‌కూ మధ్య ఉత్తరాల్లో నలుగుతుంది. ఎస్కార్టు విషయంలోనూ తుపాకులు పెంచితే సరిపోదు. 2023 జూలై 31న జైపూర్–ముంబై రైల్లో డ్యూటీలో ఉన్న ఆర్పీఎఫ్ కానిస్టేబులే తన పై అధికారిని, ముగ్గురు ప్రయాణికులను కాల్చి చంపాడు. రాత్రంతా నిద్రలేక, ఒత్తిడిలో తిరిగే మనిషి చేతికి ఆయుధం ఇచ్చేముందు ఆ మనిషి ఎలా ఉన్నాడో చూసే పద్ధతి కూడా ప్రయాణికుల భద్రతలో భాగమే.

చివరిగా లెక్కల సంగతి. నేరాలు తగ్గాయని చూపిస్తేనే అధికారికి మెచ్చుకోలు దక్కుతుంటే, కేసు రాయకపోవడమే అతనికి లాభం. "మా పరిధి కాదు" అన్న మాట పుట్టేది అక్కడే. ఫిర్యాదు చేయడం తేలిక చేస్తే మొదటి రెండేళ్లు కేసుల సంఖ్య పెరుగుతుంది, పెరగాలి కూడా. ఆ పెరుగుదలను చూసి మంత్రులు, పత్రికలు గోల చేయకూడదు. నేను అడిగేది వేరే లెక్క. ప్రతి డివిజన్‌లో నెలనెలా 139కి వచ్చిన భద్రత ఫోన్లు ఎన్ని, ఎన్ని నిమిషాలకు ఖాకీ మనిషి ఆ సీటు దగ్గరికి వచ్చాడు, వాటిలో ఎన్ని ఎఫ్ఐఆర్‌లు అయ్యాయి, ఎన్ని వేరే స్టేషనుకు బదిలీ అయి అక్కడ ఏమయ్యాయి. ఫోన్ల లెక్క రైల్వే దగ్గర ఉంది, ఎఫ్ఐఆర్‌ల లెక్క రాష్ట్రాల దగ్గర ఉంది. రెండూ ఒకే కాగితం మీద, ప్రజలకు కనబడేలా రావాలి. మీ ఎంపీని, ఎమ్మెల్యేను ఒకే ఉత్తరంలో అడగండి, ఎందుకంటే ఈ పని ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తిగా లేదు.